ఖాళీ గళ్ల ముందు దూకిన అమ్మాయి

ఆ అమ్మాయి కింద పడ్డప్పుడు నేను ముందు చూసింది ఆమెను కాదు, కెమెరా వెనక తెరను. ఫొటో వచ్చిందో లేదో చూసుకున్నాను. వచ్చింది. ఆ తర్వాతే తలెత్తాను. మహా అయితే రెండు క్షణాలు పట్టి ఉంటుంది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. ఆ రోజు పేజీలో తిన్న టిఫిను, ఎక్కిన బస్సు, కాసిన ఎండ అన్నీ ఉన్నాయి, ఇది మాత్రం లేదు.

మాది నిమ్మనపల్లె. రెండేళ్లుగా స్కూలు ఆటల ఫొటోలు తీసి పేపర్ల జిల్లా పేజీలకు పంపుతున్నాను. ఈ పనికి నోరున్నవాళ్లే కావాలని అందరూ అంటారు. నాకు మాత్రం కెమెరా మొహానికి అడ్డంగా ఉంటుంది కాబట్టే ఈ పని నచ్చింది. ఆటగాళ్లు మనల్ని చూడరు, మనం వాళ్లను చూడొచ్చు. నా కెమెరా బ్యాగులో పెద్ద లెన్సు పెట్టుకునే గది ఒకటుంది. పెద్ద లెన్సు లేదు కాబట్టి అందులో ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది. అట్టకు పాత పేపరు చుట్టి ఉంచుతాను, ఏం చదువుతున్నావని ఎవరూ అడగకుండా.

ఈ ఏడాది స్కూలు ఆటల కాలంలో ఒక పేపరు డెస్కులో పనిచేసే అన్న ఫోన్ చేశారు. "మదనపల్లెలో వాలీబాల్, పుంగనూరులో ఖో-ఖో, కుప్పంలో ఆడపిల్లల ఖో-ఖో సెలక్షన్లు. మిగతావాళ్లు అందరూ వేరే పనుల్లో ఉండారు. నువ్వు ఒక్కదానివే పోయి రాగలవా?" అన్నారు. నేను పలమనేరు దాటి అటువైపు ఎప్పుడూ వెళ్లలేదు. సరే అన్నాను. ఫోన్‌లో సరే అనడం సులువు.

మదనపల్లె నుంచి కుప్పం దాకా చూడ్డానికని ఎవరూ వెళ్లరు. పెళ్లికో, సంతకో, ఆస్పత్రికో వెళ్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

మదనపల్లె: నిలబడని మనుషులు

పొద్దున్నే టమోటా లారీల వెనక మా బస్సు పాకుతూ ఊళ్లోకి వచ్చింది. పక్క సీట్లో ఒకావిడ ఖాళీ ప్లాస్టిక్ పెట్టె ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నా బ్యాగు వైపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏముండాది పాపా దాంట్లో, బిడ్డను పట్టుకున్నట్ట పట్టుకున్నావు?"

"కెమెరా అక్కా."

"పెండ్లి ఫొటోలా?"

"కాదు. ఇస్కూలు పిల్లోళ్ల ఆటలు తీస్తాను."

ఆమె బ్యాగు వైపు మళ్లీ చూసింది. "పెండ్లిలో ఐతే నిలబెట్టి తీస్తారు. ఆడేవాళ్లు ఒక్క తావున నిలబడరే, ఎట్ల తీస్తావు?"

రెండేళ్లలో నా పని గురించి ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. నవ్వాను. ఆమె దిగిపోతూ పెట్టెలో అడుగున మిగిలిన నాలుగు టమోటాలు నా చేతిలో పెట్టింది. "ఈ పొద్దు రేటు లేదులే, తినుపో" అంది.

నిజానికి ఆ ప్రశ్నకు మా దగ్గర ఒక జవాబుంది. మేం ఆట తీయం, వరస తీస్తాం. గెలిచిన జట్టు ముందు మోకాళ్ల మీద కూర్చుంటుంది, వెనక అతిథులు నిలబడతారు, మధ్యలో కప్పు. పేజీలో వచ్చేది అదే. ఆట ఫొటో ఎంత బాగున్నా, వరస ఫొటో వేశాక చోటు మిగిలితేనే.

ఆ రోజు అతిథి ఎరువుల దుకాణం యజమాని. పిల్లలకు బంతులు కొనిచ్చిన మనిషి. పోటీ మొదలయ్యే ముందు ఆయన చేత మొదటి సర్వీసు కొట్టించడం ఆచారం. తెల్లచొక్కా చేతులు మడిచి కొట్టారు. బంతి నెట్టుకు తగిలింది. నా వైపు తిరిగారు.

"పడిందామ్మా ఫొటో?"

పడిందన్నాను. "నెట్టుకు తగిలింది పేపర్లో ఏస్తే బాగుండదు కదా, ఉండు, ఇంకోసారి" అన్నారు. రెండోసారి షామియానాలోకి వెళ్లింది. మూడోసారి నేరుగా నా వైపు వచ్చింది. కెమెరాను కాపాడుకోబోయి లెన్సు మూత ఎక్కడో పారేసుకున్నాను. నాలుగోసారి బంతి నెట్టు దాటింది. పిల్లలు నిజంగానే చప్పట్లు కొట్టారు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. ఆయన మీద నాకు కోపం రాలేదు. మా పనిలో ఇంకోసారి అన్న మాట అంత మామూలు. రిబ్బన్లు ఇంకోసారి కత్తిరిస్తారు, దండలు ఇంకోసారి వేస్తారు. నేను మాత్రం ఎవరినీ అడిగేదాన్ని కాదు. సూత్రం ఏమీ కాదు, సిగ్గు.

మధ్యాహ్నం పిల్లలతో పాటు నాకూ చిత్రాన్నం పొట్లం ఇచ్చారు. పోయిన మూతకు బదులు పెరుగు డబ్బా మూత లెన్సుకు సరిపోయింది. మిగిలిన మూడు రోజులు దానితోనే తిరిగాను.

పుంగనూరు: ముగ్గుపిండి గీతలు

పుంగనూరు అనగానే అందరూ ఆ పొట్టి ఆవుల గురించే అడుగుతారు. నేను కూడా వెర్రిదానిలా బస్టాండు దగ్గర టీ కాచే అవ్వను అడిగాను.

"ఆ ఆవులా? యాడుండాయి పాపా ఈడ. అందురి ఫోన్లల్లో ఉండాయి" అంది ఆమె. "నీకు పాలు కావాల్నా, ఆవు కావాల్నా?"

టీ పది రూపాయలు. పక్కన బొరుగుల్లో ఉల్లిపాయ, చెనిక్కాయల, అంటే వేరుశనగల, పొడి, నిమ్మకాయ పిండి కలిపి పెట్టేది ఇరవై. మా నిమ్మనపల్లెలో బొరుగుల్లో కారం తగిలితే ఏడిపిస్తుంది. ఇక్కడ పులుపు ముందు, కారం నిదానంగా తర్వాత వస్తుంది.

మైదానానికి వెళ్లేసరికి ఒక మేడం కొంగు బిగించి, వంగి, ముగ్గుపిండితో కోర్టు గీస్తున్నారు. తాడు కూడా పట్టుకోలేదు. పిడికిలి లోంచి పిండి సన్నగా, నేరుగా జారుతోంది. ఆమె సరళ మేడం. బైరెడ్డిపల్లె వైపు హైస్కూల్లో ఆటల టీచరు. నేను చూస్తున్నానని గమనించి, "ఇంటి ముందర ముగ్గు పది నిమిషాలు. ఇది అరపూట" అన్నారు, తల ఎత్తకుండానే.

కోర్టు గీశాక ఆమె జట్టు అమ్మాయిలు ఒక వరసలో, భుజం భుజం తగిలేలా, నేల చూసుకుంటూ మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. పల్లేరు ముళ్లు ఏరుతున్నారు. ఖో-ఖో ఉత్త కాళ్లతో ఆడతారు. అందరికంటే ఎక్కువ ముళ్లు ఏరి, గౌను జేబులో వేసుకుని, గట్టు దాటి పారబోసి వచ్చిన పొడుగు పిల్ల మునిలక్ష్మి. పదో తరగతి.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రెండు కొసల్లో రెండు కొయ్య పోళ్లు. వాటి మధ్య వరసగా ఎనిమిది గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో అమ్మాయి, ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి గొంతుక్కూర్చుంటారు. తొమ్మిదో అమ్మాయి అవతలి జట్టువాళ్లను తరుముతుంది. అలిసిపోతే కూర్చున్న పిల్ల వీపు తట్టి 'ఖో' అంటుంది. తట్టించుకున్న పిల్ల లేచి తరుముతుంది, ఈమె ఆ గడిలో కూర్చుంటుంది. తప్పించుకునే పిల్ల పోల్ చుట్టూ తిరిగేటప్పుడు, తరిమే పిల్ల ఒంటిచేత్తో పోల్ పట్టుకుని, ఒళ్లంతా నేలకు అడ్డంగా గాల్లోకి విసిరి, వేళ్లకొసలతో ఆమెను ముట్టుకోవడం డైవ్. అది అందరికీ రాదు. మునిలక్ష్మికి వచ్చు.

ఫైనల్ చివరి నిమిషం. రెండు జట్లు సమానం. అవతలి జట్టులో ఒక్కతే మిగిలింది, చేపలా జారిపోతోంది. నేను వరసగా ఫొటోలు కొడుతున్నాను. నా కెమెరా పాతది. కొన్ని ఫొటోలు వరసగా తీస్తే కాసేపు ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. సరిగ్గా అప్పుడు మునిలక్ష్మి దూకింది. ఎడమచేయి పోల్ మీద, కుడిచేయి ఎదుటి పిల్ల మడమ మీద. మైదానం అంతా లేచి అరిచింది. నా కెమెరా తెర మీద చిన్న గుర్తు తిరుగుతూ ఉంది.

తర్వాత ఎప్పటిలాగే. మైకులో అతిథులను పిలిచారు. అమ్మాయిలంతా వరస ఫొటోకు షామియానా వైపు పరుగు తీశారు. గళ్లు ఖాళీ అయ్యాయి. మునిలక్ష్మి ఒక్కతే పోల్ దగ్గర ఉండి మోచేతికి అంటిన మట్టి దులుపుకుంటోంది. నేను దగ్గరికి వెళ్లాను. రెండేళ్లలో ఒక ఆటగాడిని నేను అడిగిన మొదటి కోరిక అది.

"మునిలక్ష్మీ, నువ్వు దూకింది నాకు పడలే. ఇంకోసారి దూకుతావా?"

ఆ పిల్ల షామియానా వైపు ఒకసారి చూసింది. సరళ మేడం అటు తిరిగి ఉన్నారు. "బిన్నె తియ్యక్కా" అంది, తొందరపెడుతూ. నాలుగడుగులు వెనక్కి వేసి, వచ్చి, దూకింది.

మొదట రాసింది ఆ తర్వాతి రెండు క్షణాల గురించే.

నేను దగ్గరికి వెళ్లేసరికి ఆమె కూర్చుని కుడి చీలమండ రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఏడవలేదు. కింది పెదవి లోపలికి మడుచుకుంది. సరళ మేడం పరిగెత్తుకొచ్చారు.

"ఏమైందే?"

"మ్యాచ్‌లో పడినాను కదా మేడం. అప్పుడు తెలీలే, ఇప్పుడు నొస్తాండాది."

నేను నోరు తెరవలేదు. మేడం ఆ పిల్ల నెత్తిన చిన్నగా మొట్టి, "ఎన్నిసార్లు చెప్పినానే, పోల్ పట్టుకునే మణికట్టు వొదులు పెట్టి దూకొద్దని? ఎల్లుండి కుప్పంలో సెలక్షన్లు పెట్టుకోని!" అన్నారు. ఆమె గొంతులో కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది. మునిలక్ష్మికి బడిలో ఇదే చివరి ఏడు. జిల్లా జట్టులోకి పోవడానికి కుప్పం ఒక్కటే దారి. ఈసారి కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

పలమనేరు: పేజీ నెత్తిన

ఆ రాత్రి పలమనేరులో మా చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాను. పొద్దున ఫోన్ మోగింది. డెస్కులో అన్న.

"ఇదమ్మా ఫొటో అంటే! వరస ఫొటో కిందికి నెట్టేసి, దీన్ని పేజీ నెత్తిన పెట్టినా."

బస్టాండులో పేపరు కొన్నాను. మునిలక్ష్మి గాల్లో ఉంది. జడ నిటారుగా వెనక్కి లేచి ఉంది. చేతివేళ్లు చాచి ఉన్నాయి. మట్టి రేణువులు కూడా కనిపిస్తున్నాయి. నా జీవితంలో నేను తీసిన మంచి ఫొటో అదే. కింద నా పేరు లేదు. లేకపోవడం మంచిదే అనిపించింది.

కుప్పం సెలక్షన్లు మర్నాడు. ఆ రోజు నాకు పని లేదు. చిన్నమ్మ ఉండమంది. నేను అరటిపండ్లు కొనుక్కుని బైరెడ్డిపల్లె బస్సెక్కాను.

బైరెడ్డిపల్లె: చింతాకు కట్టు

దారంతా ఎర్రనేల, మధ్యమధ్య మల్బరీ తోటలు. మా వైపు మల్బరీ ఇంత ఒత్తుగా ఉండదు. బైరెడ్డిపల్లె దాటాక ఒక చిన్న ఊళ్లో దిగి, ఖో-ఖో ఆడే మునిలక్ష్మి ఇల్లు ఏదని అడిగాను. అడిగిన ఆయన వెంటనే, "పేపర్లో పడిందే, ఆ పాపదేనా?" అని ఇంటిదాకా వచ్చి వదిలిపెట్టాడు.

మునిలక్ష్మి వాకిట్లో గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. వాళ్లవ్వ ఉడికించిన చింతాకులో ఉప్పు వేసి, పాతగుడ్డలో మూటకట్టి, చీలమండ మీద అద్దుతోంది. నన్ను చూడగానే ఆ పిల్ల కళ్లతోనే వద్దని సైగ చేసింది. వద్దన్నది రావడాన్నో, చెప్పడాన్నో నాకు తెలుసు.

వాళ్ల నాయన మునిరత్నప్ప చెనిక్కాయలు వొలుస్తూ ఉన్నాడు. పొద్దున్నే సైకిలు తొక్కుకుంటూ పోయి మూడు పేపర్లు తెచ్చాడట. ఒకటి తీసి నా ముందు పరిచాడు.

"అమ్మా, నువ్వేనా ఈ ఫొటో తీసింది? తప్పుగా అనుకోవాకు. పాప పడిపోయిండేది యాల ఏసినారమ్మా? నిలబడుకోనుండేది ఏసుంటే ఎంత బాగుంటాది!"

"నాయనా, పడింది కాదు, డైవ్" అంది మునిలక్ష్మి.

"ఏదైతే ఏమి, మొగం సూడు మట్టికి ఆనుకోనుండాది. తల దూసుకోని, కప్పు పట్టుకోని నిలబడితే సుట్టాలకు సూపిచ్చుకుంటాము. ఇది సూపిస్తే అయ్యో పాపం అంటారు."

అవ్వ అందుకుంది. "ఊళ్లో అందురూ వొచ్చి యాడ తగిలిందా అని అడిగిపోతాండారు."

నేను మొదటిసారి వరస ఫొటోను గౌరవించాను. ఇన్నాళ్లూ దాన్ని డెస్కువాళ్ల మొండితనం అనుకున్నాను. ఇక్కడ ఒక తండ్రి తన కూతురు నిలబడి ఉండటం చూడాలనుకున్నాడు. పుంగనూరులో ఆ సాయంత్రం తీసిన వరస ఫొటోలో ఆమె లేదు. ఉండాల్సిన వేళకు నా కోసం పోల్ దగ్గర ఉండిపోయింది.

అవ్వ సంగటి పెట్టింది. మా ఇంట్లో సంగటిలో బియ్యం పలుకు తెల్లగా కనబడుతుంది. వీళ్లది దాదాపు అంతా రాగిపిండే, నల్లగా నిగనిగలాడుతోంది. మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన ఊరుబిండి, అంటే చెనిక్కాయల పచ్చడి. నేను ముద్దను వేళ్లతో నొక్కుతూ కూర్చున్నాను. "ఏం పాపా, బాగలేదా?" అని అవ్వ ఇంకొంచెం నెయ్యి వేసింది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. అదే కష్టంగా ఉంది.

బస్సు దగ్గరికి మునిలక్ష్మి కుంటుకుంటూ వచ్చింది. వద్దన్నా వినలేదు.

"నేను మీ మేడంకు చెప్తాను" అన్నాను.

"చెప్పాకక్కా. ఆట అయిపోయినాక, మేడం చెప్పకుండా ఎవురూ దూకకూడదని మాకు రూలు. పోయినేడు ఒక పాప దూకితే టీములోనుంచి తీసేసినారు. మ్యాచ్‌లో తగిలిందంటే తిట్టి ఊరుకుంటాది."

"నొప్పి ఎట్లుండాది?"

"రేపటికి తగ్గిపోతాదిలే" అంది. ఆ కాలు నేల మీద పూర్తిగా ఆనించడం లేదని ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

కుప్పం: అడక్కముందే సాంబారు

కుప్పం దగ్గర పడుతున్నకొద్దీ రోడ్డు పక్కన గ్రానైటు బండలు గదులంత పెద్దవి కనబడతాయి. ఊళ్లో దిగగానే తమిళం వినిపిస్తుంది, రెండడుగులు వేస్తే కన్నడం, మధ్యలో మన తెలుగు. టిఫిను అంగట్లో ఒకే బల్ల మీద మూడు భాషలు కూర్చున్నాయి. నా ఎదుట ఒక పెద్దావిడ "ఊట ఆయ్తా?" అని ఎవరినో భోజనమైందా అన్నట్టు కన్నడంలో పలకరించి, సర్వరుతో తమిళంలో గొడవపడి, నాతో తెలుగులో "జరుగు పాపా" అంది.

రెండిడ్లీ, ఒక వడ, నలభై రూపాయలు. మదనపల్లెలో చట్నీ ఒక గిన్నెలో, సాంబారు ఒక గిన్నెలో పెడతారు, మన ఇష్టం. ఇక్కడ అడక్కముందే ఇడ్లీ మునిగేలా సాంబారు పోసేశాడు. ఒక చుక్క కెమెరా బ్యాగు మీద పడింది. నేను గబగబా తుడుస్తుంటే, "యాడి నుంచి?" అన్నాడు. మదనపల్లె అన్నాను. "ఓ, అంత దూరమా!" అన్నాడు. జీవితంలో మొదటిసారి నేను దూరం నుంచి వచ్చిన మనిషినయ్యాను. బాగుంది.

మైదానంలో అప్పటికే నలభై, యాభై మంది అమ్మాయిలు. ప్రభుత్వం లెక్కలో జిల్లాలు విడిపోయినా ఈ ఆటల లెక్కలో ఇంకా పాత జిల్లా జట్టే. ఎంపిక చేసే ఆయనను అందరూ పెద్దసారు అంటారు. రిటైరై చాలా ఏళ్లయింది. మెడలో ఈల, కాళ్లకు వెలిసిన కాన్వాసు బూట్లు. ఆయన పద్ధతి విచిత్రం. పరుగు చూడరు. పిల్లలను గళ్లలో కూర్చోబెట్టి, "లెయ్యండమ్మా. కూసోండి. లెయ్యండి" అంటూ గంటసేపు అదే చూశారు. "పరిగెత్తేది కుక్క కూడా పరిగెత్తుతాది. లేసేదాంట్లో ఉండాది ఆట" అని పక్కవాళ్లకు చెప్పడం విన్నాను.

మునిలక్ష్మి చీలమండకు క్రేపు కట్టు కట్టుకుని వచ్చింది. సరళ మేడం ఆమెను గట్టు మీద కూర్చోబెట్టారు. "ఒక్కసారి లేసి సూపిస్తా మేడం" అని ఆ పిల్ల, "కూసోమన్నానా?" అని ఆమె. అలా మూడుసార్లయింది. నేను మిగతావాళ్ల ఫొటోలు తీస్తున్నాను, ఏం తీస్తున్నానో తెలియకుండా.

పెద్దసారు పక్క కుర్చీ

మంచినీళ్ల విరామంలో పెద్దసారు జేబులోంచి మడిచిన పేపరు తీశారు. పైన నా ఫొటో కనబడింది.

"ఈ డైవ్ కొట్టిన పాప యాదమ్మా?"

సరళ మేడం ముందుకొచ్చారు. "మా పాపే సార్, మునిలక్ష్మి. కాలు బెణికింది. ఆ మ్యాచ్‌లోనే తగిలింది, మణికట్టు వొదులు పెట్టి దూకింది. లేకుంటే ఈ పొద్దు సూపిచ్చి ఉంటాది."

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి పేపరు మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు.

"మ్యాచ్‌లోనా?"

"అవును సార్. నేను నా కండ్లతో సూసినా."

"మరి ఎనకాల ఈ గళ్లల్లో కూసోనుండే పిల్లోళ్లు యాడికి పోయినారమ్మా?"

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ ఫొటోను ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. మునిలక్ష్మి వెనక రెండు గళ్లు, వాటి ముగ్గుపిండి గీతలు ఎంతో స్పష్టంగా ఉన్నాయి. రెండూ ఖాళీ. నాకు గాని, డెస్కులో అన్నకు గాని అది కనబడలేదు. ఖో-ఖో తెలిసిన మనిషికి ఒక్క చూపులో కనబడింది.

పెద్దసారు పేపరు మడిచారు. "మ్యాచ్ జరగతా ఉంటే గళ్లు ఖాళీగా ఉండవు. సెలక్షన్ కోసరం ఫొటో దిగి పేపర్లో ఏపిచ్చుకున్నారా సరళమ్మా? నీ దగ్గర ఇట్లాంటివి ఉండవనుకున్నా."

సరళ మేడం గట్టు వైపు తిరిగారు. మునిలక్ష్మి గట్టు మీద తల వంచుకుంది. ఆ పిల్ల చెప్పదు. చెప్పాకు అన్నది నాతోనే కదా. కెమెరా నా చేతిలోనే ఉంది. మొహానికి అడ్డం పెట్టుకుంటే నేను అక్కడ లేనట్టే.

"సార్" అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అన్నాను. "సార్, ఆ ఫొటో నేను తీసినా."

అందరూ నా వైపు తిరిగారు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "మ్యాచ్‌లో నిజంగానే దూకింది సార్. ఆ డైవ్‌తోనే గెలిచినారు. నాకు పడలే. అందరూ షామియానా దగ్గరికి పోయినాక ఇంకోసారి దూకమని నేనే అడిగినా. కాలు బెణికింది అప్పుడే. మేడంకు తెలీదు. మునిలక్ష్మి తప్పు ఏమీ లేదు."

ముందు తేరుకున్నది సరళ మేడం. "ఏమే! మ్యాచ్‌లో అని యాల చెప్పినావే నాతో?"

"టీములోనుంచి తీసేస్తారని మేడం" అంది మునిలక్ష్మి, నేల చూస్తూ.

"నిన్ను తీసేసి నేనేం గెలుస్తానే, పిచ్చిదానా!"

పెద్దసారు నన్నే చూస్తున్నారు. తిడతారనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"రెండోసారి దూకినప్పుడు ఎదురుగా రన్నర్ ఉండిందా పాపా?"

"లేదు సార్. ఉత్తదే."

"అదీ సంగతి." ఆయన సరళ మేడం వైపు తిరిగారు. "మణికట్టు కాదు, ఏమీ కాదు. ముట్టుకునేదానికి మనిషి లేకుంటే, యాడ దిగల్లో కాలికి తెలీదు. నలభై ఏండ్లుగా సూస్తాండా, డైవ్‌లో దెబ్బలు తగిలేది ఇట్లనే." మళ్లీ నా వైపు చూసి, "ఇంగెప్పుడూ ఎవురినీ అడగాకమ్మా" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తర్వాత ఆయన మునిలక్ష్మిని పిలిచి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. కాలు ఇంకో కుర్చీ మీద పెట్టించారు. మైదానంలో మిగతా అమ్మాయిల చేత ఆట మొదలుపెట్టించారు.

"ఆ పచ్చ గౌను పాప ఇప్పుడు యా పక్క తిరుగుతాదో, అది తిరక్క ముందే చెప్పు."

మునిలక్ష్మి ముందుకు వంగింది. "ఎడమ."

ఆ పిల్ల ఎడమకు తిరిగింది.

"కుడి. మళ్లా కుడి. ఇప్పుడు లోపలికి వస్తాది... లేదు సార్, వచ్చినట్టు చేస్తాది, బయటికే పోతాది."

బయటికే పోయింది. పది నిమిషాల్లో రెండుసార్లు తప్పింది, అంతే. నేను ఆ పది నిమిషాలూ వాళ్లిద్దరినే తీశాను. ముసలాయన, పిల్ల, కట్టు కట్టిన కాలు, గాల్లో లేచిన వేలు. ఎవరినీ ఏమీ అడగలేదు.

సాయంత్రం పేర్లు చదివారు. పన్నెండు మంది జట్టును పదిరోజుల క్యాంపు చివర ఎంపిక చేస్తారట. క్యాంపుకు పదిహేను మంది. పదిహేనో పేరు మునిలక్ష్మి. "క్యాంపు అయిపోయేలోపు పరిగెత్తితే ఉంటావు, లేకుంటే ఇంటికి పోతావు. ఫొటో సూసి తీసుకోలేదు నిన్ను, తెలిసిందా?" అన్నారు పెద్దసారు. ఆ పిల్ల తల ఎన్నిసార్లు ఊపిందో.

ఫొటోలు డెస్కుకు పంపాను. అన్న వెంటనే ఫోన్ చేశారు. "ఇదేందిమ్మా, కుర్చీలో కూసోనుండాది? ఆట యాడ?" అన్నారు. పుంగనూరు ఫొటో సంగతి చెప్పాను. "అందరూ చేసేదే కదమ్మా" అన్నారు. నేను ఇక చెయ్యనని చెప్పాను. ఆయన, "సరే, వరస ఫొటో పంపించు" అన్నారు. పంపాను. ఈసారి వరసలో మునిలక్ష్మి నిలబడి ఉంది, సరళ మేడం భుజం పట్టుకుని. మునిరత్నప్ప ఎన్ని పేపర్లు కొన్నాడో తెలియదు.

వాళ్ల బస్సు ముందు కదిలింది. ఎక్కబోతూ సరళ మేడం నా దగ్గర ఆగారు. తిట్టాలో వద్దో తేల్చుకోలేని మొహం. చివరికి నా చేతిలో ఒక చెనిక్కాయల ఉండ పెట్టి, "నీకు నోరు లేదనుకుంటిని" అని ఎక్కేశారు.

మునిలక్ష్మి కిటికీ పక్కన కూర్చుంది. నేను కిటికీ దగ్గరికి వెళ్లి, క్యాంపుకు వస్తానని, ఆమె పరిగెత్తేటప్పుడు దూరం నుంచే తీస్తానని చెప్పాను. ఆ పిల్ల గట్టిగా తల అడ్డంగా ఊపింది. బస్సు కదులుతుంటే కిటికీ కమ్మీలకు మొహం ఆనించి నవ్వింది.

"వొద్దక్కా, క్యాంపుకు మాత్రం రావాకు. నిన్ను సూస్తే మళ్లా దూకాలనిపిస్తాది."